యాస తీసి రాయి, తరవాత పెట్టుకో: ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకి స్టాండప్ పాఠం

ముందు చెయ్యాల్సింది చెబుతాను, కారణాలు తరవాత. నువ్వు స్టేజీ మీద చెబుదామనుకున్న జోకుని ఒక కాయితం మీద పేపరు తెలుగులో రాయి. 'ఏటి' ఉన్నచోట 'ఏమిటి' పెట్టు, 'నేదు' ఉన్నచోట 'లేదు' పెట్టు, 'ఎలిపోనాడు'ని 'వెళ్ళిపోయాడు' చెయ్యి. దాన్ని మన జిల్లాలవాడు కాని ఎవడికైనా వార్తలు చదివినట్టు చదివి వినిపించు. నవ్వాడా, నీ దగ్గర జోకుంది. నవ్వలేదా, నీ దగ్గరున్నది యాస ఒక్కటే. అది మీ అమ్మ ఇచ్చింది, నువ్వు రాసింది కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది కళింగపట్నం పక్కన సముద్రపొడ్డు ఊరు. నాన్న వేటకెళ్ళేవాడు, ఏడాదిలో సగంపైన గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదే ఉండేవాడు. నేను శ్రీకాకుళంలో మీసేవ సెంటర్లో పనిచేస్తాను. శని ఆదివారాలు దొరికితే వైజాగ్ వెళ్ళి కాఫీ షాపుల్లో జరిగే ఓపెన్ మైకుల్లో (ఎవరైనా వచ్చి మైకు పట్టుకోగలిగే షోలు) నిలబడతాను, అప్పుడప్పుడు హైదరాబాద్‌లో కూడా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుల ధ్రువీకరణ పత్రాలకి దరఖాస్తులు ఎక్కించి, రాత్రి మైకు పట్టుకుని "మనుషులంతా ఒక్కటే" అనడం నావల్ల కాదు. అందుకని నా సెట్టంతా, అంటే స్టేజీ మీద నేను చెప్పే జోకుల వరసంతా, 'నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావు' అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మన కుర్రాళ్ళు కొందరు "అప్పా, మన బాసలో కామెడీ సేత్తే బయట తీసుకుంటారా?" అని అడుగుతుంటారు (అక్కని మా వైపు అప్ప అంటారు). వాళ్ళకి విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

తీసుకుంటారు. ఇబ్బందల్లా అక్కడే ఉంది.

మొదటి నిమిషం జోకు వెయ్యకు

మన యాసని సినిమాలవాళ్ళు ఏళ్ళ తరబడి పనిమనిషికి ఇచ్చారు, వాచ్‌మన్‌కి ఇచ్చారు, హీరో వెనకాల తిరిగే ఎర్రిబాగులోడికి ఇచ్చారు. డాక్టరుకి ఇవ్వలేదు, లాయరుకి ఇవ్వలేదు. (ఈమధ్య హీరోలే మాట్లాడుతున్నారు. సంతోషం. కొందరు బాగానే మాట్లాడుతున్నారు కూడా.) అన్నేళ్ళు విని విని జనానికి అలవాటైపోయింది. హైదరాబాద్‌లో నువ్వు మైకు దగ్గరకొచ్చి "ఏటండీ, బాగున్నారా" అనేసరికి హాలు గొల్లుమంటుంది. నువ్వింకా ఏమీ చెప్పలేదు. అది నీకొచ్చిన నవ్వు కాదు, ఎప్పుడో ఏదో సినిమాలో వాచ్‌మన్‌కి రావాల్సిన బాకీ.

చాలామంది కుర్రాళ్ళు ఆ బాకీ వసూలు చేసుకుంటూ అయిదు నిమిషాలు గడిపేస్తారు. ఆరో నిమిషంలో జనానికి చెవి అలవాటుపడుతుంది, నవ్వు ఆగిపోతుంది, కుర్రాడు గొంతు పెంచుతాడు. యాసని ఇంకా లాగుతాడు, వాళ్ళమ్మ కూడా అనని మాటలు అంటాడు. అక్కణ్ణుంచి ఇక చూడలేం.

నేను చెప్పే పద్ధతి ఇది. నీ యాసలోనే మొదలుపెట్టు, దాచకు. కానీ మొదటి నిమిషం ఒక్క జోకు కూడా వెయ్యకు. బస్సెక్కిన సంగతి చెప్పు. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాక ఆటోవాడు ఎంతడిగాడో చెప్పు. నవ్వితే నవ్వనీ, ఆగకుండా చెప్పుకుపో. నిమిషం గడిచేసరికి నీ మాట వాళ్ళకి వింతగా అనిపించడం మానేస్తుంది, మాటలా వినిపిస్తుంది. అప్పుడు మొదటి జోకు చెప్పు. దానికొచ్చే నవ్వు నీది.

పేరు మార్చి చూడు

రెండో పరీక్ష. మనవాడొకడు పట్నం వెళ్ళి లిఫ్టెక్కి "ఇదేటి, గది ఇంత ఇరుగ్గా ఉంది" అన్నాడనే జోకు నువ్వు వినే ఉంటావు. అందులో శ్రీకాకుళం తీసి కర్నూలు పెట్టు, పాలమూరు పెట్టు, బీహార్ పెట్టు. ఎక్కడ పెట్టినా నడుస్తుంది. అంటే అది మన గురించి కాదు. 'వెనకబడినవాడు' అని ఒక గడ్డిబొమ్మ ఉంది, దానికి ఎవరికి కావలసిన చొక్కా వాళ్ళు తొడుగుతారు.

ఇంకో ఊరికి పట్టుకుపోవడానికి వీల్లేనిది రాయి. మా నాన్న మీద నేను చేసే ముక్క చూడు:

"మా నాన్నకి గుజరాతీ వచ్చు. బోటు మీద హిందీ నేర్సుకున్నాడు. కేరళోళ్ళతో పనిసేసి మలయాళంలో తిట్లు నేర్సుకున్నాడు. ఇంటికొత్తే ఒడియా సుట్టాలతో ఒడియా. అలాటాయన్ని ఒకపాలి హైదరాబాదు తీస్కెల్తే, అపార్ట్‌మెంట్లో ఒక గుంటడు నాతో అన్నాడు: మీ ఫాదర్‌కి లాంగ్వేజ్ ప్రాబ్లమ్ ఉన్నట్టుందండీ."

ఇందులో వెరావల్ ఉంది, ఒడిశా సరిహద్దు ఉంది, మా నాన్న ఉన్నాడు. కర్నూలుకి పట్టుకెళ్ళలేవు. 'శ్రీకాకుళపోళ్ళు' అని ఒక్కసారి కూడా అనలేదు చూడు. 'మావాళ్ళు ఇలా ఉంటారు' అని మొదలయ్యే వాక్యం నీ నోట్‌బుక్కులో కనిపిస్తే కొట్టేసి, ఆ చోట మీ చిన్నాన్ననో, పక్కింటి అప్పనో పెట్టు. మనిషిని గట్టిగా పట్టుకుంటే ఊరు తనంతట తనే వెనకాల వస్తుంది.

అన్నింటి మీదా జోకు రాయాలన్న రూలు లేదు. వెరావల్ బోట్ల మీద పనికెళ్ళిన మన జిల్లాల మత్స్యకారుల్ని 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది 2020 జనవరిలో గాని ఇళ్ళకి రాలేదు. దాని మీద నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఉంటే ఆ ఇళ్ళలోంచే రావాలి, వస్తే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి వింటాను.

ఒక జోకుని విప్పి చూపిస్తాను

"హైదరాబాదులో అద్దెకి ఇల్లు సూత్తన్నాను. ఓనరు, ఏ ఊరమ్మా అన్నాడు. శ్రీకాకుళం అన్నాను. మొహం ఎలిగిపోనాది ఆయనకి. సరే, అడ్వాన్సు మూడు నెలలు అన్నాడు. నాకు కడుపు మండిపోనాది. 'మూడు నెల్లేటండి బాబూ, ఇది అన్నేయం కాదేటి' అన్నాను. పడీ పడీ నవ్వాడు. ఆళ్ళావిణ్ణి పిలిసాడు. ఏదీ, ఇంకోసారి అనమ్మా. అన్నాను. ఆవిడా నవ్వింది. పక్క ఫ్లాట్‌వోళ్ళని పిలిసారు. మల్లీ అన్నాను. అందరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. తీసుకున్నది మాత్రం మూడు నెలల అడ్వాన్సే."

దీన్ని పేపరు తెలుగులో రాసి చూడు, నిలబడుతుంది. ఎందుకంటే ఇందులో తెలివితక్కువ పని నేనేమీ చెయ్యలేదు. మూడు నెలలు అన్యాయమే. నేను న్యాయం అడుగుతుంటే వాళ్ళు పాట వింటున్నారు.

చెడగొట్టడం మహా తేలిక. ఓనరుకి నా మాట అర్థంకాక అడ్వాన్సుని ఇంకేదో అనుకున్నాడని రాశావనుకో, నవ్వొస్తుంది, కానీ నా నోటి మీదికి పోతుంది. ఓనరుని మరీ రాక్షసుణ్ణి చేసినా చెడుతుంది. ఆయన దుర్మార్గుడు కాకూడదు, ముచ్చటపడాలి. ముచ్చటపడుతూ డబ్బులు లెక్కపెట్టుకోవాలి. మనల్ని తిట్టినవాళ్ళకంటే ముచ్చటపడినవాళ్ళే ఎక్కువ, జోకుకి పనికొచ్చేది కూడా వాళ్ళే.

చివరి వాక్యం చూడు. "మూడు నెలల అడ్వాన్సు తీసుకున్నారు" అని రాస్తే, 'అడ్వాన్సు' దగ్గరే జనానికి తెలిసిపోతుంది, తోక మిగులుతుంది. అందుకే వాక్యాన్ని తిప్పి డబ్బు మాటని చివరికి తోశాను. తెలుగులో పంచ్ రాసేటప్పుడు ఈ తిప్పుడు ప్రతిసారీ చెయ్యాలి.

దీనికి ఒక తోక జోకు కూడా ఉంది. నాన్నకి ఫోన్లో ఇదంతా చెబితే, "టిక్కెట్టెట్టీలేకపోనావేటే" అన్నాడు.

ఇప్పుడు అసలు పాఠం. ఇదే జోకు శ్రీకాకుళంలో చెబితే 'అన్నేయం కాదేటి' దగ్గర ఒక్కరూ నవ్వరు. ఎందుకు నవ్వుతారు, అందరూ మాట్లాడేది అదేగా. 'పక్క ఫ్లాట్‌వోళ్ళని పిలిసారు' దగ్గర మొదలై, నాన్న మాట దగ్గర హాలు ఎగిరిపోతుంది. హైదరాబాద్‌లో 'అన్నేయం' దగ్గరే నవ్వేస్తారు. నవ్విన రెండు వాక్యాలకి వాళ్ళకి అనుమానం వస్తుంది, ఆ ఓనరులా నవ్వింది తామేనని. అప్పుడు ఒక చిన్న తడబాటు, తరవాత ఇంకో రకం నవ్వు. ఆ రెండో నవ్వు రాకపోతే జోకు ఆ ఊళ్ళో పనిచెయ్యనట్టే, మొదటి నవ్వు ఎంత గట్టిగా వచ్చినా సరే.

కాబట్టి ఫోన్లో రికార్డరు నొక్కి జేబులో వేసుకో. ఇంటికొచ్చి విని, నోట్‌బుక్కులో ఒక్కో జోకు ఎదురుగా రెండు గళ్ళు గీయి: మన ఊళ్ళో ఏ మాటకి నవ్వారు, బయట ఏ మాటకి నవ్వారు. రెండు గళ్ళూ మరీ దూరంగా ఉన్న జోకుని బయట చెప్పడం ఆపి, మళ్ళీ రాయి.

ఇది మన దగ్గరే పుట్టిన బాధ కాదు. అమెరికాలో క్రిస్ రాక్ అనే కమెడియన్ 1996లో తన నల్లజాతివాళ్ళ మీదే ఒక ముక్క చేశాడు. అతనికి అంత పేరు తెచ్చింది అదే. తరవాత దాన్ని మళ్ళీ చెయ్యనని మానేశాడు, జాత్యహంకారం ఉన్నవాళ్ళు కొందరు నల్లవాళ్ళని కించపరిచే తిట్టుమాట అనడానికి తమకి లైసెన్సు దొరికిందనుకున్నారని. అక్కడే ఇంకో నల్లజాతి కమెడియన్ డేవ్ చాపెల్ 2005లో పెద్ద ఒప్పందమున్న టీవీ షోని మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్ళిపోయాడు. ఒక స్కెచ్ తీస్తున్నప్పుడు సిబ్బందిలో ఒక తెల్లాయన నవ్విన తీరు తనని కలవరపెట్టిందని తరవాత చెప్పాడు. వాళ్ళది జాతి, వాళ్ళ వెనక బానిసత్వం ఉంది. మనది ఊరూ, యాసా, కులం. రెండింటినీ తక్కెట్లో వెయ్యకు. నవ్వు దారితప్పే తీరు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ముందు వరసలో ఎవరు

ఎవరి మీద జోకో వాళ్ళు ముందు వరసలో కూచున్నారనుకుని రాయి. నా దగ్గరున్న పెద్ద సూత్రం ఇదొక్కటే. ఇది అమెరికా నుంచి తెచ్చుకున్నదేం కాదు. పగటివేషాలవాళ్ళు చేసింది ఇదే. ఊళ్ళో దిగి, రోజుకో వేషం కట్టి, ఇంటింటి ముందూ ఆడేవాళ్ళు. సోమయాజులు-సోమిదేవి వేషం అగ్రహారం వీధిలోనే, కోమటి వేషం ఆ కొట్టు ముందే. ఆఖర్ని ఆ అరుగు దగ్గరే నిలబడి సంభావన పుచ్చుకోవాలి. తిట్టిపోస్తే బియ్యం రావు, పొగిడితే నవ్వు రాదు. ఆ మధ్యలో ఎక్కడ నిలబడాలో వాళ్ళకి తెలుసు.

వాళ్ళని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కోయదొర వేషం, ఎరుకలసాని వేషం కట్టినప్పుడు ఆ మనుషులెవరూ ఆ అరుగుల మీద ఉండేవాళ్ళు కాదు. అందుకే ఆ వేషాల్లో చెయ్యి తేలిగ్గా జారిపోయేది. మనకి కూడా అక్కడే జారుతుంది.

ఎక్కడంటే, మన్యం దగ్గర. మైదానం కుర్రాళ్ళు స్టేజీ మీద అక్కడి సవర గిరిజనుల్ని అనుకరిస్తూ 'సవరోడి బాస' అని ఏదో వంకర తెలుగు మాట్లాడతారు. సవర అసలు తెలుగు యాసే కాదు, వేరే భాష, ముండా భాషల కుటుంబంలోది. మన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ఆ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుని, అదే సభలో సవరవాళ్ళని వెక్కిరించే స్కిట్ వేసే కాలేజీలున్నాయి. జోకు కావాలంటే అదిగో, ఆ సభలో ఉంది.

సవరవాళ్ళుండే సీతంపేట వైపు జోకు చెయ్యాలనుకుంటే తుపాకీ మనవైపు తిప్పు. వైజాగ్ కాఫీ షాపులో రెండొందల కాఫీకి నోరెత్తనివాడు, సంతలో పనసకాయంత పైనాపిలు కొంటూ సవర ముసలమ్మతో అయిదు రూపాయలకి అరగంట బేరమాడతాడు. ఆవిడ లెక్క సవరలో వేసుకుంటుంది, బేరం తెలుగులో చేస్తుంది, పక్కనున్న ఒడియా వ్యాపారితో ఒడియాలో 'ఈడు కొనడు' అని చెప్పేస్తుంది. మనవాడికి ఒక్క తెలుగే వచ్చు, అదీ హైదరాబాద్‌లో దాచుకుంటాడు. ఈ ముక్క సీతంపేటలో చెప్పగలను. ఆ ముసలమ్మే ముందు వరసలో ఉన్నా చెప్పగలను, పైగా ధర తప్పు చెప్పానని దిద్దుతుంది.

మన యాసని ఇంకొకడు కట్టినప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే హరి కొండబోలు సంగతి చూడు. న్యూయార్క్‌లో పుట్టిన తెలుగింటి కుర్రాడు, స్టాండప్ చేస్తాడు. సింప్సన్స్ కార్టూన్లో అపు అనే భారతీయ కొట్టువాడికి హాంక్ అజారియా అనే తెల్లనటుడు ఏళ్ళ తరబడి గొంతు ఇచ్చాడు. స్కూళ్ళలో మన పిల్లల్ని ఆ గొంతుతోనే ఏడిపించేవారు. కొండబోలు 2017లో దాని మీదే డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా ఆ పాత్రకి గొంతివ్వడం మానుకుంటున్నానన్నాడు. మన తెలుగువాడు చేశాడని మనం గర్వపడొచ్చు. పడుతూనే, సవర గొంతు కట్టే మన కుర్రాడు ఇక్కడి అజారియా అవునా కాదా అని కూడా అడగొచ్చు.

సరిహద్దు జోకులు మాత్రం నాకు మహా ఇష్టం, ఎందుకంటే అక్కడ రెండువైపులవాళ్ళూ ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. ఇచ్ఛాపురం వైపు ఒక కుర్రాడు దీన్నిలా చెబుతాడు: "మా ముత్తాత ఇల్లు కదల్నేదు. ఆయన అత్తోరిల్లు మాత్రం ఇంకో రాష్ట్రానికి ఎలిపోనాది. గవర్నమెంటు నాకు సేసిన మేలు అదొక్కటే అనీవోడంట." ఒడియావాళ్ళున్న సభలో చెప్పినా తెలుగువాళ్ళున్న సభలో చెప్పినా ఒకేచోట నవ్వుతారు. రెండు గళ్ళూ ఒకటే.

గొప్ప ఉదాహరణ విజయనగరంలోనే ఉంది. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది అక్కడే. అందులో ఒక్కొక్కడికీ ఒక్కో మాటతీరు ఉంది. కానీ అందరికంటే ఎక్కువ నవ్వు ఎవడి మీద? ఇంగ్లిషు దంచే గిరీశం మీద. పల్లెటూరి మాట మీద కాదు. రాసేముందు ఒకసారి ఆ సీన్లు పైకి చదువు. చదువుకున్నవాడి భాషని కూడా యాసలా వినడం అలవాటవుతుంది. హైదరాబాద్ ఐటీ తెలుగు కూడా ఒక యాసే, 'బేసికల్లీ నేనేమంటానంటే' అనేవాణ్ణి రాయడం మన పాలేరుని రాయడంకన్నా సరదాగా ఉంటుంది.

కులం దగ్గర

మన దగ్గర జాతి లేదు, కులం ఉంది. స్టాండప్‌వాళ్ళు చాలామంది దీన్ని ముట్టుకోరు, ముట్టుకున్నవాళ్ళు రిజర్వేషన్ జోకు దగ్గర ఆగుతారు. ఆ జోకు పేపరు తెలుగులో రాసి చూడు, మార్కుల లెక్క తప్ప ఏమీ మిగలదు.

నాకు రోజూ కౌంటరు దగ్గర కావలసినంత సరుకు దొరుకుతుంది. మా సెంటర్లో ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ అని ఒకటి దరఖాస్తు చేస్తాం. దాని మీద నేను అనేది: "మనిషి బతుకంతా మూడు దాసుకుంటాడు. కులం, పుట్టిన ఊరు, వయసు. మూడూ ఒకే కాయితం మీద ఎక్కించి, స్టాంపేసి, జెరాక్సులు తీయించుకోమంటాం." ఏ కులం పేరూ ఎత్తలేదు, హాల్లో ప్రతివాడి వీపూ నిటారవుతుంది. నాకు కావలసింది అదే.

ఎత్తాల్సొస్తే నీ కులమే ఎత్తు, అందులో కూడా మీ ఇంట్లో జరిగినదే. పైనున్నవాడి మీద చెయ్యి ఎత్తొచ్చు, ముందు వరస సూత్రం మరిచిపోకుండా. తిట్టుగా వాడే కులం పేరుని, అది నీదే అయినా, నేను వాడను. అమెరికా కమెడియన్ రిచర్డ్ ప్రయర్ ఆ నల్లజాతి తిట్టుమాటని ఏళ్ళ తరబడి స్టేజీ మీద ఆడుకున్నవాడు. 1979లో కెన్యా వెళ్ళొచ్చాక మానేశాడు. అక్కడ చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తే ఆ మాట ఎవరికీ అతకలేదట. ఆయనంతటివాడే వదిలేసింది నేనెందుకు పట్టుకోవాలి అనుకుంటాను. మా కుర్రాళ్ళలో కొందరు నాతో ఒప్పుకోరు. మా మాట మేమే తిరిగి లాక్కుంటున్నాం అంటారు. వాళ్ళది వాళ్ళిష్టం, కాకపోతే వాళ్ళ రెండు గళ్ళూ నాకు చూపించమంటాను.

చట్టం సంగతి క్లుప్తంగా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోది. నలుగురి కంటపడే చోట ఎస్సీ ఎస్టీ వ్యక్తిని అవమానించాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం, రెండూ 3(1) కింద నేరాలే. స్టేజీకంటే నలుగురి కంటపడే చోటు ఏముంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షను మతం, జాతి, పుట్టిన చోటు, భాష, కులం పేరుతో వర్గాల మధ్య వైరం పెంచడం గురించి. నువ్వేం తప్పు చెయ్యకపోయినా చిక్కులు రావచ్చు. మునావర్ ఫారూఖీ అనే కమెడియన్‌ని 2021 జనవరి 1న ఇండోర్‌లో షో దగ్గరే అరెస్టు చేశారు, సుప్రీంకోర్టు బెయిలిచ్చేసరికి ఫిబ్రవరి 5 అయింది. భయపడమని చెప్పడం లేదు, స్క్రిప్టు రాసి తేదీ వేసి దాచుకో, షో మొత్తం రికార్డు నీ దగ్గర ఉంచుకో అని చెబుతున్నాను.

ఆ రికార్డు రీలు కోసం కూడా కావాలి. నువ్వు పెట్టకపోయినా ఎవడో అరనిమిషం ముక్క కోసి పెడతాడు. 'ఇంకోసారి అనమ్మా' దగ్గర కోస్తే నా జోకు ఓనరు జోకైపోతుంది. అందుకే నేనే ముందు పెడతాను, చివరి వాక్యంతో సహా. అది లేకుండా పెట్టాల్సొస్తే ఒగ్గేస్తాను.

జనంతో మాట్లాడేటప్పుడు

రసెల్ పీటర్స్ అని కెనడా కమెడియన్ ఉన్నాడు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబం. ముందు వరసలో వాళ్ళని మీది ఏ దేశం, పేరేంటి అని అడిగి దాని మీదే అల్లుకుపోతాడు. అది చూసి మన కుర్రాళ్ళు ఇక్కడ "మీ ఇంటిపేరేటండి" అని మొదలుపెడుతున్నారు. వద్దు. మన దగ్గర ఇంటిపేరు అడిగితే హాల్లో సగంమంది మనసులో లెక్కవేసేసుకుంటారు, చెప్పినవాడు ముడుచుకుపోతాడు. ఊరడుగు, పనడుగు, మధ్యాహ్నం ఏం తిన్నాడో అడుగు. చోడి అంబలా బిర్యానీయా అన్నదాంట్లోనే కావలసినంత సరుకుంది.

నిన్ను వాళ్ళు అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందే రాసుకో. "ఒకసారి మీ బాస మాట్లాడండి" అని ఎవడో ఒకడు అరుస్తాడు. నేను "ఇంతసేపూ మాటాడింది ఏటనుకున్నావు బావూ, సౌండ్ చెకింగా?" అంటాను. "మీరేటోళ్ళు?" అని మన ఊళ్ళోనే అడుగుతారు, షో అయ్యాక, ఎంతో ఆప్యాయంగా. "ఆధార్ జెరాక్సు పట్టుకుని సోమవారం మా సెంటరుకి రండి" అంటాను. మొహం మాడ్చుకుని కాదు, నవ్వుతూనే.

చోటు సంగతి. శ్రీకాకుళంలో, విజయనగరంలో కామెడీ క్లబ్బుల కోసం వెతక్కు. కాలేజీ యాన్యువల్ డే, వినాయకచవితి పందిరి, ఏదో సభలో ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే దొరికే పది నిమిషాలు, ఇవే మన క్లబ్బులు. బాపూజీ కళామందిర్‌లోనైనా ఆనంద గజపతి ఆడిటోరియంలోనైనా ఒకే వరసలో ముసలమ్మ, కోడలు, ఇంటర్ చదివే గుంట కూచుంటారు. వైజాగ్ కాఫీ షాపులో అందరూ నీ వయసువాళ్ళే. నా మటుకు కొత్త ముక్క ఏదైనా ముందు పందిట్లో పరీక్షిస్తాను. అక్కడ బూతు నడవదు, కులం తిట్టు నడవదు, లిఫ్టు జోకు అసలే నడవదు, "ఎప్పుడో ఇన్నామమ్మా" అని మైకు సెట్టువాడే అంటాడు.

చివరగా ఇంట్లోవాళ్ళు. మీ అమ్మ మీద జోకు రాస్తే ముందు మీ అమ్మకి చెప్పు. అనుమతి కోసమే అనుకోకు, సరుకు కోసం కూడా. మా అమ్మ ఫోను మీద ఒక ముక్క చేస్తాను. తెలియని నంబరొస్తే అమ్మ గొంతు సర్దుకుని, "హలో, ఎవరండీ మాట్లాడుతున్నారు" అని టీవీ యాంకరులా మొదలుపెడుతుంది. అవతల మాట్లాడేది మా పిన్నని తెలియగానే, "ఒలే, నువ్వేటే" అంటుంది. నేను అక్కడితో ఆపేదాన్ని. అమ్మకి వినిపిస్తే చేపలు తోముతూ మొత్తం వింది. "నానలా అన్నేదు" అంది.

"మరేటన్నావు?"

"ఒలే, నువ్వేటే! ముందు సెప్పొద్దా? అనవసరంగా మర్యాద ఖర్సయిపోనాది, అన్నాను."

ఇప్పుడు సెట్టులో అందరికంటే ఎక్కువ నవ్వు దానికే. షో డబ్బుల్లో వాటా అడుగుతోంది.